ఫిరంగి కింది తలుపు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్‌లో, అడ్తి దుకాణంలో ఆ రోజు పద్దు రాస్తుంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫౌజీ కాక పోయిండు" అన్నాడు. "అన్నం తిని కుర్సీల కూసున్నడట. గట్లనే..." అని ఆగి, "వాకిలి తలుపు తీసే ఉండె అన్నా" అన్నాడు. వాడు ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. అది చెప్పడానికే రాస్తున్నాను. నేను చదివింది మరాఠీ బడిలో, కొద్దిగా. తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్ల మీద నాకు నేను నేర్చుకున్నవి. పద్దులు తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు.

కాకది నాందేడ్‌లో మా ఎదురిల్లు. పుట్టింది కర్ఖేలి అనే పల్లెలో, కూలి చేసుకునే ఇంట్లో. ఫౌజులో ట్యాంకు దళంలో చేరాడు. ఫిరంగి తిప్పి గురిపెట్టి పేల్చడం ఆయన పని. డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడు. తిరిగొచ్చాక ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకి పట్టుకుని చాలా ఏళ్ళు నిలబడ్డాడు. గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఫౌజీ కాకే.

ఆయనకు తలుపులతో ఏదో పేచీ ఉండేది. పగలు వాకిలి తలుపు మూయనిచ్చేవాడు కాదు. స్నానాల గదికి గొళ్ళెం పెట్టేవాడు కాదు, లోపలున్నట్టు తెలియడానికి గట్టిగా దగ్గేవాడు. కాకూ, అంటే ఆయన భార్య, నవ్వుతూ చెప్పేది: "లగ్గమైన కొత్తల సిగ్గుతోటి సచ్చిన. గొళ్ళెం పెట్టుకో అంటే దగ్గుతడు!" బస్సులో తలుపు పక్క సీటు దొరక్కపోతే నిలబడే వచ్చేవాడు. కంటి పరీక్షకు తీసుకుపోతే లిఫ్టు ఎక్కనని మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కాడు.

ఎవరు ఎక్కడికి ఎక్కినా ఆయన అడిగేది ఒకటే. "ఎక్కుడు సరే, దిగుడెట్ల?" నీళ్ళ ట్యాంకు కడగడానికి నిచ్చెన వేసినవాణ్ణీ, గుర్రమెక్కిన పెళ్ళికొడుకునూ అదే అడిగాడు. పెళ్ళిలో కాకూ పక్కనుంచి అందుకుంది: "నలభై ఏండ్లాయె నువ్వెక్కి. దిగినవా?" అందరం నవ్వాం. అది ఆయన వేళాకోళమనే అనుకున్నాం.

రెండేళ్ళ కింద వానాకాలంలో ఆ యుద్ధం మీదే ఒక సినిమా వచ్చింది. తమ్ముడు నన్నూ కాకనూ మధ్యాహ్నం ఆటకు తీసుకుపోయాడు. కాక వరుస చివర, బయటికి పోయే తలుపు పక్కన కూర్చున్నాడు. తెర మీదికి ట్యాంకులు రాగానే ముందుకు వంగాడు.

"ఆరు చక్రాలు! మా బండికి పక్కకు అయిదే. మొదటిదానికి రెండోదానికి నడుమ ఇంత సందు ఉంటది. గివి తర్వాత వచ్చిన బండ్లు, అప్పటికి ఫౌజుల లేనే లేవు."

ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, "కాకా, పైసలు వాపస్ అడుగు మరి" అన్నాడు.

"అడుగుత బిడ్డా, చక్రానికింత అని!"

లోపల నలుగురు సైనికులు నిటారుగా నిలబడి, చెవులకు ఏమీ లేకుండా, మెల్లగా మాట్లాడుకుంటున్నారు. "ఇంజన్ బంద్ చేసి తోలుతున్నరా ఏంది?" అన్నాడు. "లోపల గింత జాగ ఉంటే మేం సంసారమే పెడుదుము." చుట్టూ ఉన్నవాళ్ళు సినిమా వదిలేసి ఈయన మాటలకే నవ్వుతున్నారు.

చివరి సీను వచ్చింది. ట్యాంకు అంటుకుంది. పైనున్న ముగ్గురూ దూకేశారు. ముందు భాగంలో డ్రైవర్ ఒక్కడే మిగిలాడు. ఫిరంగి గొట్టం సరిగ్గా అతని తల మీద ఉంది. అయినా అతని తల మీది మూత తలుపు ఒక్క నెట్టుకు ఎగిరి తెరుచుకుంది. అతను జెండా పట్టుకుని లేచాడు. హాలంతా ఈలలు. నేను పక్కకు చూస్తే కాక సీటు ఖాళీగా ఉంది.

బయట బండ్లు నిలిపే చోట దొరికాడు. ఎవరిదో స్కూటర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఏమైందని అడిగాను. "ఆ తలుపు తెరుచుకోదు" అన్నాడు. ఏ తలుపని నేను అడగలేదు. అడగడం నాకు రాదు.

మా దగ్గర గణపతి పండక్కి ప్రతి మండలమూ, అంటే గల్లీ ఉత్సవ సంఘం, మనుషులే నటించే ఒక దృశ్యం కడుతుంది. దేఖావా అంటారు. ఆ ఏడు మా గల్లీ మండలం ఆ సినిమా చివరి సీనునే ఎంచుకుంది. మా తమ్ముడి సరుకుల టెంపో మీద ఇనుప చట్రం బిగించి, ప్లైవుడ్డు, రేకులు కొట్టి ట్యాంకు చేశారు. పైన చేత్తో తిప్పే గుమ్మటం, దానికి పొడుగాటి ఇనుప పైపు. గుమ్మటంలో ఇద్దరు. ముందు డ్రైవర్ సీటు మీద మూత తలుపు. డ్రైవర్ మా తమ్ముడే.

పండక్కి ముందు ఒక మధ్యాహ్నం గల్లీలోనే నడిపి చూశారు. పైపు పక్కకు తిరిగింది, పేలిన చప్పుడు వచ్చింది, మళ్ళీ ముందుకొచ్చింది. పొగ మిషన్ వదిలారు. గుమ్మటంలోని ఇద్దరూ దూకేశారు. ఇక తమ్ముడు జెండాతో లేవాలి. లోపలినుంచి తలుపు తోశాడు. టక్‌మని పైపుకు తగిలి ఆగింది.

"అరె, అడ్డమస్తున్నది!" అని లోపల వాడు నవ్వుతున్నాడు. దూకినవాళ్ళు మళ్ళీ ఎక్కి పైపు జరిపారు. వాడు దగ్గుతూ బయటికొచ్చాడు.

"ఏం కాదు, పైపు జర పక్కకు వదలుండ్రి, అయిపాయె" అన్నాడు మండలం అధ్యక్షుడు. మందుల దుకాణం నడిపే కుర్రవాడు, మంచివాడే.

తన వాకిట్లో కుర్సీలో ఉన్న కాక లేచి వచ్చాడు. "ఆ పొగల ఎవనికి యాదికుంటది? తలుపు తెరుచుకున్నంకనే పైనోళ్ళు దిగాలె."

"సిన్మాల ముందే దుంకుతరు కదా కాకా. ఫోన్ల ఆ సీను పెట్టుకోని కట్టినం, ఒక్క రేకు ఫరక్ లేదు. వాడొక్కడే మిగుల్తడు చూడు, చప్పట్లు పడేది గక్కడనే."

"చప్పట్లకు మనిషిని లోపల పెడ్తవా?"

"కాకకు మళ్ళ చక్రాలు ఎక్కువైనట్టున్నయ్" అని గుంపులోంచి ఎవరో అన్నారు. నవ్వులు.

కాక నవ్వలేదు. "ఆ సిన్మాల నిజమున్నది అదొక్కటే. మేం గూడ గట్లనే దుంకినం" అన్నాడు.

ఆయన టెంపో వైపే చూస్తూ మాట్లాడాడు. "బండి అంటుకున్నది. ముందు సాబ్ దుంకిండు, ఎనుక నేను, నా ఎనుక ఇంకొకడు. ఫిరంగి తోపు తిప్పేది నేను. అది డ్రైవర్ తలుపు మీదికొచ్చి ఆగి ఉండె. బండి కింద ఇంకో తలుపుంటది గని బండి ఇసుకల దిగబడ్డది." డ్రైవర్ తలుపు వైపు చేయి చూపాడు. "పొద్దుగాల నలుగురికీ చాయ్ వాడే పెట్టేటోడు."

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "కాకా, గిది ప్లైవుడ్డే. ఒక్క తన్ను తంతే ఇరుగుతది."

"అయితె నన్ను కూసోబెట్టు."

వద్దని అందరూ అన్నారు. ఆయన అప్పటికే చక్రం మీద కాలు పెట్టాడు. నేను నడుం పట్టుకుని ఎక్కించాను. సీట్లో కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. "మూసుండ్రి. తోపు ముందటికి తేండ్రి. పొగ పెట్టుండ్రి. దిగుండ్రి." ఆ గొంతు అంతకుముందు మేం విన్నది కాదు. చెప్పినట్టే చేశారు.

తలుపు పైపుకు తగిలింది. టక్. మళ్ళీ టక్. తొందర లేకుండా, ఒకే తీరుగా. పొగ రేకుల సందుల్లోంచి వస్తోంది. "కాకా, ఇగ చాలు!" అని అధ్యక్షుడు అరిచాడు. మళ్ళీ టక్. కాకూ వాకిట్లోకి వచ్చి, ఏం జరుగుతోందో తెలియక, "ఆయనేడి?" అని నన్ను అడిగింది. నా అరచేయి రేకు మీద ఉంది. లోపలి దెబ్బ ప్రతిసారీ చేతికి తెలుస్తోంది. దూకిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. దెబ్బలు ఆగిపోయాయి.

తమ్ముడు ఎప్పుడు ఎక్కాడో నేను చూడలేదు. పొగలోకి వంగి గుమ్మటాన్ని భుజంతో తోశాడు. పైపు పక్కకు పోయింది. ముందు పొగ వచ్చింది, తర్వాత కాక చేయి వచ్చింది. పట్టుకుని లాగాం. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, పొగకో మరి దేనికో. మమ్మల్ని ఎవరినీ చూడలేదు. పైన నిలబడ్డ తమ్ముడినే చూస్తూ, "నువ్వు మళ్ళ ఎక్కినవ్ రా" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు.

ఆ ఏడు మా దేఖావాలో తలుపు తెరుచుకునేదాకా గుమ్మటంలోని ఇద్దరూ దిగలేదు. సినిమాలో ఇట్ల లేదు కదా అని చూసినవాళ్ళు అన్నారు. చప్పట్లు తక్కువే పడ్డాయి, బహుమతి పక్క గల్లీ మండలానికి పోయింది. కాక రోజూ సాయంత్రం కుర్సీ వేసుకుని కూర్చునేవాడు. తలుపు తెరుచుకోగానే లేచి అన్నానికి లోపలికి పోయేవాడు. చక్రాల గురించి మాత్రం అధ్యక్షుణ్ణి చివరిదాకా వదల్లేదు. "గా టెంపోకు నాలుగే చక్రాలు గదా, రెండు దిక్కుల కలిపినా మాకన్న తక్కువ" అని ఏడిపించేవాడు. స్నానాల గది గొళ్ళెం అప్పటినుంచైనా పెట్టుకున్నాడా అని కాకూను అడిగాను. "యాడ! ఇంకింత గట్టిగ దగ్గుతడు" అంది.

పండగయ్యాక ఆ రేకుల ట్యాంకును టెంపో మీదినుంచి దించి గల్లీ చివర ఖాళీ జాగాలో ఇటుకల మీద పెట్టారు. ఆడవాళ్ళు పైపు మీద బట్టలు ఆరేసేవారు. గాలికో, ఎవరో లాగితేనో అది తలుపు మీదికి వచ్చేది. కాక పొద్దున నడకకు పోతూ దాన్ని పక్కకు తోసి పోయేవాడు. "ఆరేసుకోండ్రమ్మా, పక్కకు ఉంచి ఆరేసుకోండ్రి" అనేవాడు. లోపల ఎవరూ లేరు కదా అని ఆయనతో ఎవరూ అనలేదు.

మంగళవారం సాయంత్రం పాడె ఆ జాగా ముందునుంచే పోయింది. పైపు మీద దుప్పటి ఆరేసి ఉంది. పైపు తలుపు మీద ఉంది. నా భుజం మీద పాడె కర్ర ఉంది, ఆగడానికి లేదు. ఎదురు కర్ర కింద తమ్ముడున్నాడు. వాడూ అటే చూశాడు.

గోదావరిలో మునిగి తడిబట్టలతో వెనక్కి వస్తున్నాం. నేను అందరికన్నా వెనక పడ్డాను. ఆ జాగా దగ్గరికి వచ్చేసరికి దుప్పటి మడిచి రేకు మీద పెట్టి ఉంది. డ్రైవర్ తలుపు బార్లా తీసి ఉంది. తమ్ముడు అప్పటికే గల్లీ మలుపు తిరుగుతున్నాడు, వెనక్కి చూడలేదు. పైపు పక్కకు జరిగి ఉంది. దాని కొస ఇంకా ఊగుతోంది.