అందగాళ్లకు చోటులేని అద్దాల పెట్టె

లింగం ఆ పని గిరాకీ కోసం చేశాడా, ఇంకా దేనికోసమైనా చేశాడా? యాదగిరి ఈ ప్రశ్నను ఎన్నోసార్లు తిరగేసి, బోర్లేసి చూసుకున్నాడు. జవాబు ఇప్పటికీ చిక్కలేదు. అడుగుదామంటే లింగం ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో లేడు.

ఏ ఫొటో స్టూడియో వాడైనా దుకాణం ముందరి అద్దాల పెట్టెలో అందమైన ముఖాలు పెడతాడు. తెల్లటి పెళ్లికూతురో, బొద్దుగా ఉన్న పసిపిల్లో, మీసం మెలేసిన పెళ్లికొడుకో ఉంటారు. లింగం మాత్రం ఊళ్లో ఎవరూ రెండోసారి తిరిగి చూడని ముఖాన్ని వెతికి పట్టుకొచ్చి, గోడ క్యాలెండరంత పెద్దది చేసి పెట్టేవాడు. అందగాళ్లకు అందులో చోటు లేదు. అది ఆ దుకాణం చట్టం.

మొదట్లో అతనూ పెళ్లికూతుళ్లనే పెట్టాడు. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియోల కడుపు కొట్టాక ఇక మిగిలినవి ఫ్యాక్టరీ గేటు పాసులకూ, బ్యాంకు కాగితాలకూ తీసే చిన్న ఫొటోలే. ప్రచారానికి చేతిలో ఏమీ లేదు. ఒక పాత అద్దం, ఒక దువ్వెన ఉన్నాయి. అద్దాన్ని బయట గోడకు తగిలించి, దువ్వెనను దారంతో కట్టి పక్కన వేలాడదీశాడు.

"ఇదేంది లింగం, మంగలి దుకాణం పెట్టినవా?" అని యాదగిరి అడిగాడు.

"అట్ల గాదన్నా. తల దువ్వుకున్నంక మనిషికి ఎవలకన్న చూపియ్యాలనిపిస్తది. గప్పుడు కండ్ల ముంగట నా బోర్డుండాలె."

షిఫ్టు బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా శుభ్రంగా తల దువ్వుకుని బస్సెక్కి వెళ్లిపోయేవారు. నెలకో దువ్వెన కూడా వాళ్లతోనే వెళ్లేది. దారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు వచ్చింది సంగయ్య ఫొటో. సంగయ్య ముత్తంగిలో ఒక గోదాముకు కాపలాదారు. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. ఒక కన్ను సంగారెడ్డి దిక్కు చూస్తుంటే రెండోది పటాన్‌చెరు దిక్కు చూసేది. ఆ రెండు కళ్లూ అద్దాల పెట్టెలోంచి చౌరస్తా మొత్తాన్నీ ఒకేసారి చూస్తుంటే యాదగిరి రెండడుగులు పక్కకు జరిగాడు.

"గిరాకీని ఎల్లగొట్టనీకి పెట్టినవా?" అన్నాడు.

"జెర ఆలోచించు యాదగిరన్నా. పెండ్లిపిల్ల ఫొటో చూసినోడు ఏమనుకుంటడు? నా ముఖానికి ఫొటో ఒకటా అని ఇంటికి పోతడు. గదే సంగయ్యను చూసినోడు? సంగయ్యే గింత మంచిగ వచ్చిండంటే నేనెంత మంచిగ వస్తనో అని లోపటికొస్తడు."

ఆ వారం గిరాకీ లోపల పట్టలేదు. పక్కనున్న పుష్ప చాయ్ బండి దాకా వరుస కట్టారు.

దాంతో లింగం అద్దాల పెట్టె అంటే ఊళ్లకు ఊళ్లు హడలిపోయాయి. అతను మెడలో కెమెరాతో బయటికొస్తే ఆటోవాళ్లు ముఖానికి రుమాలు కట్టుకునేవారు. చిట్కుల్‌లో సంబంధాలు మాట్లాడేటప్పుడు "మా పిల్లగాడు ఇప్పటిదాక లింగం అద్దంలకెక్కలే" అని చెప్పుకోవడం ఒక యోగ్యత అయింది. ఊళ్లో ఆసామి జైపాల్ పటేలైతే మూడు ఉంగరాల చెయ్యి ముందుకు చాపి, తన ఫొటో పెట్టమని తానే వచ్చి అడిగాడు.

"నీ అంత అందగానికి జాగ లేదు పటేలా," అన్నాడు లింగం.

పటేల్ దుకాణం మెట్లు దిగేదాకా కోపంగానే ఉన్నాడు. రోడ్డు దాటేసరికి కోపం కరిగిపోయింది. ఆ తరువాత మూడేళ్లు కలిసినవాళ్లందరికీ "లింగం నన్ను వద్దన్నడు" అని మీసం దువ్వుకుంటూ చెప్పుకున్నాడు.

లింగానికి మరో అలవాటుంది. స్టూలు మీద కూర్చోబెట్టాక, "అయిపాయె, లే" అని తాను చెప్పేదాకా ఎవరూ కదలకూడదు. ఒకసారి బిహార్ నుంచి వచ్చిన వెల్డర్‌ను కూర్చోబెట్టి ఫొటో తీశాడు. అంతలో ఫోనొచ్చింది. మాట్లాడుతూ బయటికి వెళ్లి, చాయ్ తాగి, అరగంటకు లోపలికొచ్చాడు. వెల్డర్ గడ్డం ఎత్తి అట్లాగే కూర్చుని ఉన్నాడు.

"అరే భాయ్, అభీ తక్ బైఠా హై?"

"ఆప్ ఉఠ్‌నే కో నహీ బోలే, సాబ్." లే అని చెప్పలేదు కాబట్టి లేవలేదట.

యాదగిరి ముప్పై ఏళ్లు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పుస్తకాలు చదువుకునే మనిషి, మాట తక్కువ. రోజూ పొద్దున చిట్కుల్ నుంచి నడిచి వచ్చి, పేపరు కొనుక్కుని, పుష్ప దగ్గర చాయ్ తాగేవాడు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అన్నేళ్లూ లింగం కళ్ల ముందు తిరుగుతున్నా తన ముఖం అద్దంలోకి ఎక్కలేదని అతనికి లోలోపల గర్వం.

మోకాలి నొప్పితో వారం రోజులు ఇల్లు కదలక, మళ్లీ చౌరస్తాకు వచ్చిన ఒక సోమవారం పొద్దున ఆ గర్వం దిగిపోయింది.

అద్దాల పెట్టెలో కొత్త ఫొటో ఉంది. నడివయసు దాటిన ఆడమనిషి, తల కాస్త వెనక్కి వాల్చి, నోరారా నవ్వుతోంది. ముందు పళ్లు రెండు ఎత్తుగా, ధైర్యంగా బయటికొచ్చి ఉన్నాయి. ఎవరో హాయిగా నవ్వుతోందే అనుకున్నాడు యాదగిరి. ఆ తరువాతగానీ చెవి కమ్మలను పోల్చుకోలేకపోయాడు. ఆమె అతని భార్య రాజవ్వ. పది రోజుల కిందట పొదుపు సంఘం కాగితాల కోసం ఫొటో దిగి వచ్చింది.

పేపరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి అరిచాడు. అతను అరవగలడని చౌరస్తాలో ఎవరికీ తెలియదు.

"ఎవలనడిగి పెట్టినవ్?"

లింగం లోపల ఎవరినో స్టూలు మీద కూర్చోబెట్టి ఉన్నాడు. కెమెరా కంటి దగ్గరే ఉంది. "వదిననే అడిగిన, అన్నా."

"ఆమెకేం ఎరుక? ఊరంత చూస్తున్నది. గా పండ్లు చూడు. గింత నోరు తెర్సుకొని..." ఎంత నోరో చూపించడానికి యాదగిరి తన నోరు తెరిచాడు. లోపల ఫ్లాష్ మెరిసింది. స్టూలు మీది మనిషి కళ్లు చికిలించాడు.

యాదగిరి వెనుక చాయ్ గ్లాసులతో పదిమంది దాకా పోగయ్యారు. లింగం ఏదో చెప్పడానికి నోరు తెరిచి, వాళ్లందరినీ ఒకసారి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

"సరే అన్నా, తీసేస్త," అన్నాడు. అంతే.

తీసేసిన చోట మరో ఫొటో పెట్టలేదు. రోజులు గడుస్తున్నా అద్దాల పెట్టె ఖాళీగానే ఉంది. ఎవరైనా అడిగితే "గా జాగ బుక్కయింది" అనేవాడు.

ఇంట్లో రాజవ్వ ఎప్పటిలాగే వండి పెట్టింది. అయితే కూరల్లో ఏదో తక్కువైనట్టు యాదగిరికి తోచింది. కొత్తిమీర. అంతకుముందు వారమంతా పప్పులో, చారులో, ఆఖరికి ఉప్మాలో కూడా గుప్పెళ్లకొద్దీ కొత్తిమీర తిన్నాడు. ఇప్పుడు ఒక్క రెబ్బ లేదు.

"కొత్తిమీర తెస్తలేవా?" అని అడిగాడు.

"ఇస్నాపూర్ దాక ఎవలు పోతరు?" అంది ఆమె.

ఈ మాట పుష్పకు చెబితే ఆమె గ్లాసులు కడగడం ఆపింది.

"పెద్దయ్యా, గామె కొత్తిమీరకు రాలే. ఫొటో ఉన్న వారం దినాలు రోజొచ్చింది. ఈడ నిలబడి చాయ్ తాగుకుంట చూసుకునేది. ఊకె పోతె నువ్వేమంటవో అని ఒక కట్ట కొనుక్కొని పోయేది."

యాదగిరి చేతిలోని గ్లాసు బండి మీద పెట్టాడు.

"ఫొటో తీసిన్నాడు గూడ నేనాడనే ఉన్న. కొంగు తియ్యి వదినా, నోటికి అడ్డమొస్తుంది అన్నడు లింగం. గామె ఏమన్నదో ఎరికేనా? 'పెండ్లినాడు ఫొటో తీస్తుంటె మా ఇంటాయన నోరు మూసుకో, పండ్లు కనబడ్తున్నయ్ అన్నడు. గప్పటి సంది గిట్లనే' అన్నది. దానికి లింగం, 'యాదగిరన్న గా ఒక్క దినానికే అన్నడు కావచ్చు వదినా, నువ్వు నలభై ఏండ్లు మూసుకున్నవా?' అన్నడు. గామె నవ్వింది. గదే ఫొటో."

పుష్ప మళ్లీ గ్లాసుల మీదికి వంగింది. "సంగయ్యను జూడు. ఇదివరకు అందరు ఓ వాచ్‌మన్ అని పిలిచేటోళ్లు. అద్దంలకెక్కినంక సంగయ్యా, సంగయ్యా అంటున్రు. లింగాన్ని అడిగితె గిరాకీ కోసమే పెట్టిన అంటడు. నాకైతె నమ్మబుద్ధి కాదు."

యాదగిరి ఇంటికి వెళ్లి, బీరువా పైనున్న ఆల్బమ్ దించాడు. పెళ్లినాడు ఆ మాట అన్నట్టు లీలగా గుర్తుంది. స్నేహితులు నలుగురు ఎదురుగా నిలబడి ఉన్నారు, వాళ్లు నవ్వుతారని అన్నాడు. సాయంత్రానికి మరిచిపోయాడు. ఆల్బమ్ మరిచిపోలేదు. పిల్లల పుట్టు వెంట్రుకలనాడు, గృహప్రవేశంనాడు, ఏడుపాయల జాతరలో, ప్రతి ఫొటోలోనూ రాజవ్వ నోటికి కొంగు అడ్డంగా ఉంది. అది సిగ్గనుకున్నాడు యాదగిరి. మా ఆమెకు సిగ్గెక్కువ అని నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. ఇప్పుడు ఆల్బమ్ ముందు కూర్చుంటే ఆ సిగ్గు ఎవరికి ఉండాల్సిందో తెలిసింది. అన్నిటికన్నా ఎక్కువ పొడిచింది వేరే సంగతి. ఆ రోజు గుమ్మంలో తాను అరుస్తున్నప్పుడు ఇదంతా లింగానికి తెలుసు. పదిమంది ముందు ఒక్క మాటతో తనను కూలదోయగలిగీ, సరే అన్నా అని ఊరుకున్నాడు.

తప్పయిందని చెప్పడానికి మర్నాడే వెళ్లాడు.

"ఏం కావాలన్నా?" అన్నాడు లింగం.

"పాస్‌పోర్టు ఫొటోలు," అన్నాడు యాదగిరి.

రెండు రోజులాగి మళ్లీ వెళ్లాడు. మళ్లీ ఫొటోలే దిగాడు. మూడోసారి స్టూలు మీద కూర్చోగానే లింగం కెమెరా దించాడు.

"అన్నా, ఇరువై నాలుగు ఫొటోలైతయ్ దీంతోని. ఏ దేశం పోతున్నవ్?"

"యాడికి లేదు. ఇంట్ల ఉంటయని."

"మరి జెర నవ్వరాదు? అన్నిట్ల జుర్మానా కట్టినోని లెక్క ఉన్నవ్."

యాదగిరి నవ్వబోయాడు. కుదరలేదు.

"అయిపాయె, లే," అన్నాడు లింగం మెల్లగా.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలవాళ్లు వచ్చారు. లింగం దుకాణం ఉన్న మడిగె గోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీశారు. శనివారం లోపల ఖాళీ చేయాలట. ఈ సంగతి శుక్రవారం సాయంత్రం పుష్ప నోట విన్నాడు యాదగిరి. ఇక ఆలస్యం చేస్తే అతని తప్పు అతని దగ్గరే ఉండిపోతుంది. శనివారం పొద్దున్నే చెప్పులు తొడుక్కుని రాజవ్వను పిలిచాడు.

"పా, ఇస్నాపూర్ పోదాం."

"ఎందుకు?"

"కొత్తిమీరకు."

రాజవ్వ అతని ముఖంలోకి చూసి, తలుపు గొళ్లెం పెట్టింది. ఫొటో మళ్లీ పెట్టమని, ఒక్క పూటైనా పెట్టమని లింగాన్ని అడగాలనుకున్నాడు యాదగిరి. దారి పొడుగునా ఆ మాటలను వరుసగా పేర్చుకున్నాడు.

వాళ్లు చేరేసరికి ట్రాలీ ఆటోలోకి సామానంతా ఎక్కింది. స్టూలు, గొడుగు లైట్లు, నీలం తెర, దువ్వెన కట్టిన అద్దం అన్నీ అందులోనే ఉన్నాయి. అద్దాల పెట్టె మాత్రం గోడకే ఉంది. దాని ముందు షిఫ్టు దిగిన జనం మూగి ఉన్నారు. యాదగిరిని చూడగానే పక్కకు జరిగి దారి ఇచ్చారు.

అద్దంలో రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి రాజవ్వది, అదే నవ్వు. పక్కన అంతే పెద్ద సైజులో యాదగిరి. కళ్లు ఉరిమి, నోరు గుహంత తెరిచి, పైవరసలో ఊడిన పన్ను జాగాతో సహా ముప్పై ఒక్క పళ్లు చూపిస్తున్నాడు. ఆ రోజు మెరిసిన ఫ్లాష్ స్టూలు మీది మనిషి కోసం కాదని అతనికి అప్పుడు తెలిసింది. బుక్కయిన జాగ ఎవరిదో కూడా తెలిసింది.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. యాదగిరి చెయ్యి దానంతట అదే లేచి నోటికి అడ్డం వచ్చింది.

"చెయ్యి తియ్యి," అంది రాజవ్వ.

"అందరు చూస్తున్రు."

"చూడనియ్యి. ఒక్క దినానికే గదా." అని ఆమె నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది.

యాదగిరి చెయ్యి దించాడు. పేర్చుకున్న మాటలు చెప్పడానికి ట్రాలీ వైపు తిరిగాడు. లింగం అప్పటికే వెనుక సామాన్ల మధ్య, తన స్టూలు మీద తానే కూర్చుని ఉన్నాడు. కెమెరా కంటికి ఆనించి, ఎడమ చేత్తో సైగ చేశాడు. కొంచెం దగ్గరికి జరగండి. గడ్డం పైకి. ఇద్దరూ జరిగారు. ఫ్లాష్ మెరిసింది. ఆటో కదిలి, మలుపు తిరిగి, ముత్తంగి వైపు లారీల నడుమ కలిసిపోయింది. లింగం పోయొస్త అనలేదు, చెయ్యి ఊపలేదు.

"అయిపాయె, లే" అని కూడా అనలేదు. అందుకని వాళ్లిద్దరూ ఆ రోడ్డు దుమ్ములో, గడ్డాలు ఎత్తి, చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.