మగ్గం చప్పుడు

తొంభైలలో, మా అన్నకు కిడ్నీ మార్చిన సర్జన్ ఆరు నెలలకోసారి మా నేతగాళ్ల పేట, భవాని పేట్ వచ్చేవారు. ఆపరేషన్ బాగా జరిగినా పేదలు ఎందుకు త్వరగా చనిపోతున్నారన్నది ఆయన పరిశోధన. గుమ్మం బయటే ఆగి చెవి ఒగ్గేవారు. మగ్గం చప్పుడు వినబడితే మనిషి బాగున్నట్టేనని, నవ్వుతూ పుస్తకంలో రాసుకుని లోపలికి వచ్చేవారు.

ఆ రోజూ అలాగే రాసుకుని వచ్చారు. మగ్గం మీద వదిన ఉంది.

"ఆయనేరి?"

"సచ్చిపోయి నెలైంది, డాక్టర్ సాబ్. కొత్త కిడ్నీకి రోజూ మింగే మందులు బొంబాయిలనే దొర్కుతయ్. మగ్గం ఆపి పోతే సేటు పని ఇంకోళ్లకిస్తడని ఆగిండు," అంది వదిన, నేత ఆపకుండా.

ఆయన రాసింది కొట్టేశారు. ఆ తర్వాత మా గల్లీలో ఇంకే రోగి ఇంట మగ్గం చప్పుడు వినబడినా చాలు, గుమ్మం దాటడానికి వెనకాడేవారు.