రెండో పళ్లెం

మా దవాఖానలో మధ్యాహ్నం భోజనాల వేళ స్టీలు పళ్లాలు నాపరాతి నేల మీద జరుగుతుంటాయి. ఎవరో ఒకరు పళ్లాన్ని తన వైపు లాక్కుంటారు, సర్రుమని చప్పుడవుతుంది. మానసిక చికిత్స వార్డులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నదాన్ని, కేకలకూ ఏడుపులకూ అలవాటు పడ్డాను గానీ, ఆ చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. వెంటనే సుశీల మేడం గుర్తొస్తారు.

నల్లగొండలో సోషల్ వర్క్ పీజీ చదివేటప్పుడు మాకు మానసిక ఆరోగ్య సేవల పాఠం చెప్పింది ఆవిడే. సొంతూరు అమ్రాబాద్ దగ్గర. పొట్టి మనిషి, పెద్ద నడక. పాఠం పుస్తకాల భాషలో చెప్పి, చీవాట్లు మాత్రం ఇంటి భాషలో పెట్టేవారు. అప్పుడు తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. యూనివర్సిటీలో మిగతా వాళ్లెవరికీ లేని నియమం ఒకటి ఆవిడకుండేది. ఒక మనిషి గురించి మేం రిపోర్టు రాస్తే, దాన్ని ఆ మనిషికే చదివి వినిపించాలి. వాళ్లు సరేనంటేనే మేడం సంతకం పెడతారు. ఇదెక్కడి గోలరా దేవుడా అని తలపట్టుకున్నవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఇంగ్లిషులో గొప్పగా రాసుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ ఆ పల్లెటూరి మనిషి ముందు తెలుగులో చెప్పాల్సి వస్తే నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టుండేది.

"ముంగట కూసోని చదవలేనిది ఎనుక రాయకు మాధవీ," అనేవారు మేడం.

నాకు అప్పగించిన మనిషి యాదమ్మ. మోత్కూర్ దగ్గర చిన్న ఊరు. భర్త పోయి రెండున్నరేళ్లు. ఒక్కడే కొడుకు, నర్సింహ, మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాల పనికి వెళ్లాడని ఊరంతా చెప్పింది. ఆ ఊళ్లో సగం ఇళ్ల కొడుకులు అక్కడే ఉంటారు కాబట్టి ఎవరూ ఆరా తీయలేదు, మేమూ తీయలేదు. ఒంటరిగా ఉంటూ తనలో తాను మాట్లాడుకుంటోందని ఆశా కార్యకర్త చెబితే, మా విభాగం రెండేళ్లుగా ఆ ఇంటికి వెళ్తోంది. మేడం స్వయంగా వెళ్లేవారు, ప్రతి ఏడూ ఒక విద్యార్థిని వెంటబెట్టుకుని.

నేను నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ ఒకటే చూశాను. లోపలి గది తలుపు పక్కన దండ వేసిన భర్త ఫొటో. యాదమ్మ రెండు పళ్లాల్లో అన్నం పెట్టి, ఒకటి ఆ ఫొటో కింద పెట్టేది. "తిను, సల్లారిపోతది," అనేది అటు తిరిగి. మేం ఉన్నంతసేపూ ఆ పళ్లెం అక్కడే ఉండేది. తలుపుకు బయటి నుంచి గొలుసు వేసి ఉండటం చూశాను. వడ్ల బస్తాలున్నాయేమో అనుకున్నాను. నాకు కావలసింది దొరికేసింది కదా! చనిపోయిన భర్తకు అన్నం పెడుతోంది, అతనితో మాట్లాడుతోంది, వాస్తవంతో సంబంధం తెగిపోయింది, హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చేర్పించాలి. నాలుగు పేజీలు రాసి మురిసిపోయాను.

అయిదోసారి చదవడానికి వెళ్లాం. యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, మేడం ఆమె పక్కన. ఫొటో కింద రెండో పళ్లెం యథాప్రకారం ఉంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "యాదమ్మ రోజూ చనిపోయిన భర్తకు అన్నం..." అనేదాకా వచ్చాను.

తలుపు అవతల నుంచి మగ గొంతు వినబడింది.

"అమ్మా, గా అన్నం నాదని చెప్పు గా పిల్లకు."

నా చేతిలోంచి కాగితాలు జారిపోయాయి. గొలుసు సాగినంత మేర తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చేయి వచ్చింది, గోళ్లు బాగా పెరిగిన చేయి. పళ్లాన్ని పట్టుకుని సర్రుమని లోపలికి లాక్కుంది.

యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "భీవండిల మతి చెడ్డది మేడం. తెల్లారకముందే ఒక్కడే నడుసుకుంట వచ్చిండు. ఊరోళ్లు సూస్తే పిచ్చోడంటరు, రాళ్లేస్తరు. గాయన బతికున్నప్పుడే లోపల పెట్టినం. మూడేండ్లయితాంది."

పోలీసులకు చెప్పాలని ఫోను తీశాను. మేడం వైపు చూస్తే ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా, "ఫోను లోపల పెట్టు. ముందుగాల ఆయనను అడుగుదాం," అని తలుపు దగ్గరికి జరిగి నేల మీద కూర్చున్నారు.

"నర్సింహా, నా పేరు సుశీల. రెండేండ్ల సంది గీ ఇంటికొస్తున్న. నువ్వున్నవని తెల్వలే. తప్పు నాది. గొలుసు తియ్యమంటవా?"

లోపల పళ్లెం పక్కకు జరిపిన చప్పుడైంది.

"నువ్వు తియ్యకు. అమ్మను తియ్యమను."

యాదమ్మ తీసింది. గడ్డం పెరిగిన, నా ఈడు మనిషి, వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ గడప మీద నిలబడ్డాడు. నా కాళ్ల దగ్గర పడిన కాగితాలు చూపించాడు.

"గది మల్ల సదువుమను. నేనున్నట్టు సదువుమను."

చదవలేకపోయాను. అతను ఉన్నాక అందులో ఒక్క వాక్యమూ నిజం కాదు.

బస్సులో మేడం పక్కనే కూర్చున్నాను. నేను ఏడుస్తుంటే, "నిన్నేమంట? నీకంటే ముందుగాల, పోయినేడు వచ్చిన పిల్ల రాసిన రిపోర్టు మీద సంతకం నాదే," అన్నారు. మర్నాడు క్లాసులో యాదమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోందని రాసి ఉన్న ఆ పాత రిపోర్టు తీసి, తన సంతకంతో సహా మా ముందు చదివారు. ఇల్లంతా చూడకుండానే సంతకం పెట్టానని చెప్పారు. పాఠం చెప్పే మనిషి అలా తన తప్పును చదువుకోవడం నేనంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తలుపు అవతలి గొంతు కన్నా అదే నన్ను ఎక్కువ కుదిపింది.

జిల్లా దవాఖాన డాక్టరును మేడం ఆ ఇంటికే తీసుకెళ్లారు. మందులు మొదలయ్యాయి. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు, రాయి మాత్రం ఎవరూ వేయలేదు. నర్సింహ ఇప్పుడు మోత్కూర్ మార్కెట్లో గోనెసంచులు కుడతాడు. కొన్ని నెలలు బాగుంటాడు, కొన్ని నెలలు బాగుండడు. గొలుసు మాత్రం మళ్లీ పడలేదు.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ నియమాన్ని నేను పట్టుకున్నాను. రాసింది మనిషి ముందే చదువుతాను, చదివాక కాసేపు ఊరుకుంటాను. అవతల ఎవరైనా ఉంటే మాట్లాడటానికి వ్యవధి కావాలి కదా.

అప్పట్లో, గొలుసు తీసిన మూడు వారాలకు, కొత్త రిపోర్టు రాసుకుని మేడం, నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. తల్లీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు, ఇద్దరి ముందూ పళ్లాలున్నాయి. నేను మొదటి వాక్యం చదివాను. "ఈ ఇంట్లో ఇద్దరు ఉన్నారు."

నర్సింహ ముద్ద ఆపి తలెత్తాడు.

"ఆఁ, గిప్పుడు సదువు," అన్నాడు.