నీళ్ల పొయ్యి వెనక ఏడు విత్తనాలు

మా అత్త పోయిందన్న కబురు నాకు నంద్యాలలో అందింది. అమ్మను చూడ్డానికి వచ్చి మూడు రోజులే అయింది. పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మొదటి బస్సులో మా మరిది దిగి, వాకిట్లోనే నిలబడి, "వదినా, బయల్దేరు. అమ్మ పోయింది" అన్నాడు. నా కోసమే ఎత్తకుండా ఆపినారంట. బస్సులో నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. నేను ఊళ్లో లేనప్పుడు చూసి పోయిందే అని.

ఆమె మెత్తని మనిషి అని రాస్తే మా వీధిలో వాళ్లు నవ్వుతారు. నాలుగు మాటలు మాట్లాడితే మూడు తిట్లు. ఏదైనా సరే, చేయి వెనక్కి తిప్పి ఆనించి చూసేది. పాలచెంబు, పిల్లల నొసలు, మూటలోని జొన్నలు, అన్నిటికీ అదే పరీక్ష. "కండ్లతో చూసి చెప్పొద్దు, చేయి పెట్టి చెప్పు" అనేది. ఆ మాట నాకు మొదట్లో ఒళ్లుమంటగా ఉండేది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను ఆ ఇంటికి కోడలిగా పోయినాను. నంద్యాలలో మా పుట్టింటి పెరట్లో మా తాత నాటిన శ్రీతాళం చెట్టు ఉండేది. తాటిచెట్టు జాతే గానీ, ఒక్క ఆకు కింద ఇద్దరు మనుషులు వానకు తడవకుండా నిలబడొచ్చు. అది బతుకులో ఒక్కసారే పూస్తుంది. కాయలు రాలినాక ఎండిపోతుంది. నా పెండ్లయిన రెండేండ్లకు మా చెట్టు అట్లే పోయింది. నాయన కాయలు ఊరంతా పంచినాడు, మిగిలినవి పెరట్లో పూడ్చినాడు. ఊరోళ్లవీ మొలవలేదు. మావి నల్లరేగడిలో వాననీళ్లు నిలిచి కుళ్లినాయి. తడి ఇసకలో దాచినవి ఏడు మిగిలినాయి. అప్పటికే నాయనకు ఆయాసం ముదిరింది. ఆ ఏడూ నా కొంగులో పోసి, "ఒక్కటి మొలిస్తే జూసి పోతానమ్మా" అన్నాడు.

మా అత్త వాటిని అరచేతిలో దొర్లించి చూసింది. "ఈ చలికి ఇవి లేయవు అమ్మీ. కింద నుంచి వేడి తగలాల" అంది. సొర విత్తనాలూ, గుమ్మడి విత్తనాలూ ఆమె అట్లే లేపేది. పెరట్లో స్నానాలకు నీళ్లు కాచే పొయ్యి ఉంది. దాని వెనక మట్టి దిమ్మె మీద వెచ్చని బూడిద పరిచి, లోతు కుండలో ఇసకా, మాగిన ఎరువూ కలిపి, ఏడు విత్తనాలూ పెట్టింది. చంటిబిడ్డకు పోసే నీళ్లెంత వేడో, ఇసక అంతే ఉండాల. పెద్ద మంట పెట్టేముందు కుండ తీయాల, అణిగినాక మళ్లీ పెట్టాల. అంతే కట్టుబాటు.

నెల తిరగకముందే మా ఆడబిడ్డ కానుపుకొచ్చింది. బాలింత స్నానమంటే మా వైపు మామూలు సంగతి కాదు. కాగు నిండా నీళ్లు మరగాల, బిందెలకు బిందెలు పోయాల. మా అత్త లోపల బిడ్డతో ఉండేది, మంట పని నాది. రోజూ కుండ తీసేదాన్ని. ఆ రోజు మాత్రం మంట రాజేస్తుండగానే మా అన్న రాసిన కార్డు వచ్చింది. నాయన పడుకోలేకపోతాండాడు, రేయింబగళ్లు కూర్చునే ఉంటాండాడు, విత్తనాల సంగతి అడుగుతాండాడు అని. దాన్ని పట్టుకుని మెట్టు మీద కూలబడినాను. కందికట్టె ఎగదన్ని మండతా ఉంది. కుండ అక్కడే ఉంది.

నీళ్లకొచ్చిన అత్త కుండకు చేయి ఆనించి, చురుక్కుమని తీసుకునింది. ఆమె కొంగుతో కుండను దించి, ఇసక కుమ్మరించింది. ఉడికిన అలసందల వాసన వచ్చింది. పొయ్యి వైపున్న మూడు పగిలిపోయినాయి. నాలుగు గట్టిగానే ఉండాయి, ప్రాణముందో లేదో తెలీదు.

"ఏం చేసిందమ్మా వదిన?" అని లోపల్నుంచి ఆడబిడ్డ.

"నువ్వు పండుకో. నీ నీళ్లకు పెట్టిన మంటే అది" అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "మీ నాయనకు ఏం రాస్తావు?" అనింది.

"మూడు పోయినాయని."

"నాలుగు ఉండాయని రాయి. రేపట్నుంచి కుండకు చేయి నువ్వే పెట్టు."

తిట్టి ఉంటే బాగుండేది. రోజుకు పదిసార్లు కుండ తడిమేదాన్ని. ఒకనాడు ఉండబట్టలేక ఇసకలో వేలు పెట్టి తవ్వబోతే చేతి మీద ఒక్కటేసింది. "కడుపుతో ఉన్నదాన్ని కోసి చూస్తామా?" అని.

ఆఖరికి ఆమే తవ్వింది. వెంటనే రమ్మని నంద్యాల నుంచి మనిషి వచ్చిన రోజు. మొదటిది మెత్తగా నలిగిపోయింది. రెండోది అంతే. మూడోది రాయి మాదిరి ఉంది. నాలుగోది తీయకుండా చుట్టూ ఇసక మాత్రం తప్పించింది. తెల్లగా, వేలంత లావు మొలక కిందికి దిగి ఉంది. ఇసక మళ్లీ కప్పి, చేయి చీరకు తుడుచుకుని, "బస్సు ఎన్ని గంటలకు?" అంది. వేడి ఇసక మూట కట్టి కుండ కింద పెట్టి నా ఒళ్లో కూర్చోబెట్టింది. నంద్యాల దాకా నేను చేయి తీయలేదు.

నాయనకు చూపు ఆనలేదు. వేలు పట్టుకుని ఇసకలో పెట్టినాను. మొలకను తడుముకున్నాడు. "వెచ్చగా ఉందే. ఎవరు లేపినారు?" అన్నాడు. మా అత్త అన్నాను. "ఆయమ్మకు చెప్పు..." అనేసరికి దగ్గు వచ్చింది, మాట ముగియలేదు. తొమ్మిదో రోజు పోయినాడు. ఆకును చూడలేదు.

తిరిగొచ్చినాక మా అత్త అడిగింది, ఏం చెప్పమన్నాడని. దగ్గొచ్చి చెప్పలేకపోయినాడు అన్నాను. "సరే. చెప్పినట్టే" అంది. నాతో తిరిగొచ్చిన ఆ మొక్క ఇప్పుడు మా అత్త పెరట్లో నా నడుమెత్తు ఉంది.

మొన్న బస్సు దిగి ఇంట్లోకి పోతూనే, ఆమెకు ఆఖరి స్నానానికి నీళ్లు కాచమని నాకే చెప్పినారు. కాగు నింపినాను. కందికట్టె పేర్చినాను. నిప్పు పెట్టబోయి, ఆగి, పొయ్యి వెనక్కి రెండు చేతులూ చాపినాను, కుండ తీద్దామని. దిమ్మె మీద కుండ అడుగు గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. చేయి తిప్పి దాని మీద ఆనించినాను. చల్లగా ఉంది.