తిరిగి రాని గిన్నెలు

జర్మనీ దేశాన్ని తీసుకొచ్చి కొత్తగూడలో కాపురం పెట్టించినవాణ్ణి నేను. హైటెక్ సిటీని మేం కట్టామంటే మేం కట్టామని చెప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చెప్పుకోనివ్వండి. కట్టినచోట మనుషులు నిలవద్దూ? ఆ నిలబెట్టే పని నా ఒక్కడి ఇంగ్లీషు మీద జరిగింది.

ఈ మాట పెళ్లిపందిళ్లలో, రైలు ప్రయాణాల్లో ధైర్యంగానే చెబుతూ వచ్చాను. కాగితం మీద పెట్టేసరికి కాస్త జంకు పుడుతోంది. దేశమంటే దేశం కాదు లెండి. మా మిద్దె మీద అద్దెకు దిగిన మొగుడూ పెళ్లాలు, ఇద్దరే.

తొంభైల చివరి మాట. అనంతపురంలో కరెంటు ఆఫీసు నుంచి రిటైరై, స్థలం చవకని కొత్తగూడలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక బండరాళ్లు, ముందు మట్టిరోడ్డు. పొద్దున్నే ఆ రోడ్డు మీద ముందు బర్రెలు పోయేవి, వాటి వెనకే హారన్లు కొట్టుకుంటూ కంపెనీ కార్లు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఆ జర్మనీ ఆయనకు ఉద్యోగం. పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. ఇంట్లో ఆమె ఒక్కతే. కరెంటు ఎప్పుడు పోతుందో, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, సీతాఫలం ఏ కన్ను విచ్చితే పండినట్టో అన్నీ తనే కనిపెట్టుకుంది. మేమూ ఆ ఊరికి కొత్తవాళ్లమే. మా ఆవిడ "యాడికి పోతాండావు" అంటే పక్కింటి పాలామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

జర్మనీ ఆమె దిగిన వారంలోనే వీధిలోని ఆడవాళ్లు మిద్దె మీదికి రుచులు పంపడం మొదలుపెట్టారు. ఒకరు సర్వపిండి, ఒకరు సకినాలు, పాలామె జున్ను, మా ఆవిడ ఓళిగలు. సాయంత్రాలు మా మెట్ల మీదే కూర్చుని, ఆమె పసుపుపచ్చ జుట్టుకు జడలు వేసి మురిసేవారు. మన దగ్గర గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. గుప్పెడు చక్కెరో, రెండు పండ్లో వేసి పంపుతారు. అసలు గిన్నెనే తిప్పి పంపని మనిషి ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. గిన్నెలు పైకి ఎక్కుతున్నాయి, ఒక్కటీ దిగడం లేదు.

ఒకరోజు పాలామె మా ఆవిడ దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"అక్కా, నా జున్ను గిన్నె మీ మిద్దె మీదనే ఉండిపాయె. ఏంజేయాల్నో సమజైతలేదు."

"పోయి ఆయమ్మతో కూచోని మాట్లాడు. అదే ఇస్తాది."

"ఎట్ల పోత? గిన్నె ఉన్న ఇంటికి పోతే గిన్నె కోసమే పోయినట్టుంటది గద. ఇజ్జత్ పోదా?"

అందరిదీ అదే లెక్క. దాంతో పైకి పోవడమే మానేశారు. మెట్లు బోసిపోయాయి. ఆమె పిట్టగోడ దగ్గర నిలబడి చెయ్యూపితే వీళ్లు తల దించుకుని చకచకా నడిచిపోయేవారు.

ఆ నెలలోనే జర్మనీ ఆయన దిగులుగా నా దగ్గరికొచ్చాడు. తన భార్య వచ్చే వారం తిరిగి వెళ్లిపోతోందని, టికెట్ కూడా కొనేసిందని, తను ఒంటరిగా ఉండలేడని చెప్పాడు.

ఈలోగా వీధి నన్నే రాయబారిగా ఎన్నుకుంది. "సారూ, మీకు ఇంగిలీషొస్తది. జర పోయి మా గిన్నెల ముచ్చట అడుగున్రి" అంది పాలామె.

ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పైకి వెళ్లాను. హాల్లో అలమర నిండా గిన్నెలు, తళతళా తోమి వరసగా పేర్చి ఉన్నాయి. ఒక గిన్నెలో కాగితంపూలు. మా ఓళిగల డబ్బాలో పెన్సిళ్లు. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ముచ్చటగా చూపించింది. అన్నీ తనకు కానుకలిచ్చారనుకుంది! పోయేటప్పుడు తమ ఊరికి తీసుకెళ్తుందట. అంతలో చేతిలోని గిన్నె అలమరలో పెట్టి నావైపు తిరిగింది. ఇంత ప్రేమగా ఇచ్చినవాళ్లు ఇప్పుడు మొహం తిప్పుకుంటున్నారు, నేనేం తప్పు చేశానని అడిగింది.

నా ఇంగ్లీషు అక్కరకు రావలసిన ఘడియ అది. నేనేమన్నానో తెలుసా? "వెరీ నైస్ కలెక్షన్" అన్నాను. పాలు లేని కాఫీ తాగి దిగొచ్చాను. కింద పాలామెతో మాత్రం "గట్టిగానే మాట్లాడినా" అన్నాను.

మా ఆవిడ దగ్గర ఆ గట్టితనం నిలవలేదు. జరిగిందంతా విని పొయ్యి ఆపేసింది.

"ఇచ్చేసినారనుకునిందా? అయ్యో పిచ్చితల్లీ! ఆ మాట చెప్పకుండా కాఫీ తాగి వస్తివా?"

"చెప్తే బాధపడుతుందేమోనని..."

"టికెట్టు కొనుక్కునింది. ఇంక ఇంతకంటే ఏం బాధపడల్ల?"

గిన్నెలో చిత్రాన్నం పెట్టుకుని మెట్లెక్కింది. మా ఆవిడకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. నేను వెనకే వెళ్లి గడప దగ్గర ఆగాను. చిత్రాన్నం వాళ్ల పళ్లెంలో బోర్లించింది. కుళాయి కింద గిన్నె కడిగింది. అడక్కుండానే వాళ్ల డబ్బా తెరిచి ఒక గుప్పెడు చక్కెర గిన్నెలో పోసి, దాన్ని ఆమె చేతుల్లో పెట్టింది. తర్వాత ఎదురుగా నిలబడి, ఇప్పుడు నాకివ్వు అన్నట్టు రెండు చేతులూ చాపింది.

ఆమె గిన్నె వైపు చూసింది. అలమర వైపు చూసింది. తెల్లటి మొహం ఒక్కసారిగా కందిపోయింది. అలాగే నేల మీద కూలబడింది. మా ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరింది. కాసేపటికి ఎవరు ముందు నవ్వారో నాకు కనిపించలేదు కానీ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు వీధంతా కేకు వాసన. ప్రతి గిన్నెలో ఒక ముక్క. ఏ గిన్నె ఎవరిదన్న దగ్గర నా చదువు పనికొచ్చింది. గిన్నెల మీద పేర్లు చెక్కి ఉంటాయి కదా! పేరు చదివి, ఆ పేరున్న ఇంటికే ఆమెను దర్జాగా తీసుకెళ్లాను.

ఆ ఇల్లాలు గిన్నె తిప్పి చూసింది. "పేరు నాదే సారూ, గిన్నె నాది గాదు. పాలామె బిడ్డ పెండ్లిల నేను పెట్టిన గిన్నె ఇది. పెట్టినోళ్ల పేరే గద ఏపిస్తరు!"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పెళ్లిళ్లలో ఇలాంటి గిన్నెలు చదివించినవాణ్ణి, నాకా సంగతి తట్టనేలేదు. జర్మనీ ఆమె మాత్రం నాకోసం ఆగలేదు. రోడ్డు మధ్యలో నిలబడి ఒక్కో గిన్నె పైకెత్తి చూపించింది. సొట్టలు గుర్తుపట్టి ఆడవాళ్లు గడపలు దాటి వచ్చారు. పాలామె కేకు కొరికి, "మెత్తగ మంచిగున్నది, జర తీపెక్కువైంది" అని తీర్పు చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని మా మెట్ల దాకా నడిపించుకొచ్చింది.

ఆ టికెట్ రద్దయింది. ఆయన ఉద్యోగం ముగిసేదాకా ఆమె కొత్తగూడలోనే ఉంది. ట్యాంకర్ డ్రైవర్‌ను "ఏంది, గిప్పుడొస్తవా?" అని కేకలేసే స్థాయికొచ్చింది. ఆమెను నిలబెట్టిన ఆ వీధిలో నేనూ ఒకణ్ణని ఇప్పటికీ ఛాతీ విరుచుకునే చెబుతాను. ఆ రోజు గిన్నెల సంచీ భుజాన వేసుకుని, ఊరేగింపుకు ముందు నడిచింది నేనే మరి.

ఇక్కడిదాకా రాసి, ఆకుకూర ఒలుస్తున్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె తలెత్తలేదు.

"ముందర నడిచినావా? ఆ ఒక్క ఇంటికాడ సిగ్గుపోయేతలికి సంచీ నా చేతికిచ్చి, వచ్చి అరుగు మీద కూచుంటివి. మన గిన్నెలో వచ్చిన కేకంతా నువ్వే తినేస్తివి. నాకు ఒక్క ముక్కన్నా మిగిల్చినావా? అది రాయి."