విరిగిన ఏడో రాయి

రేవుగోడ వెంట పదకొండు రాళ్లున్నాయి. సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని పడవవాళ్ల పేర్లు వాటిమీద చెక్కి ఉంటాయి. ఆ రాళ్ల బాగోగులు చూసే మేస్త్రికి అరవై దాటాయి. ఏ భాష అక్షరమైనా గీసిస్తే అచ్చు గుద్దినట్టు చెక్కుతాడు గానీ, ఇంగ్లీషులో చదవమంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు.

ఒక ఉదయం రేవు సూపర్‌వైజరు, రాళ్లను తనిఖీ చేసినవాళ్లు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చాడు. అందులో ఏడో రాయి గురించి రాసిన మొదటి మాట చూపించాడు. "వెదర్డ్ అని రాశారు. అంటే పాడైపోయిందని. తీసేసి కొత్తది పెట్టు."

మేస్త్రి రాయిని అరచేత్తో నిమిరాడు. గట్టిగానే ఉంది. అయినా చదువుకున్నవాడి మాట కాదనలేక సమ్మెట ఎత్తాడు. మూడో దెబ్బకు రాయి రెండు ముక్కలైంది. విరిగినచోట లోపలంతా నిన్న గనిలోంచి తీసినట్టు మెరిసింది. పాడైన రాయి పిండిలా రాలుతుంది గానీ అలా విరగదు.

అప్పటికప్పుడు పని ఆపి, ఆ కాగితంతో పక్కవీధి టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి.

"ఎండకీ వానకీ రంగు వెలిసి, అంచులు అరిగినవాటిని వెదర్డ్ అంటారు మేస్త్రీ. తలుపుల్ని, పడవల్ని, ఎండలో పనిచేసి ముడతలు పడ్డ మొహాల్ని కూడా."

"పాడైనట్టేగా అమ్మా?"

"కాదు. పాడైతే వేరే మాట ఉంది. తుఫానుని తట్టుకుని బయటపడ్డారని చెప్పడానికీ ఇదే మాట వాడతారు. పక్కనే రాశారు కదా, రాయి గట్టిగా ఉంది, కదపొద్దు అని."

మేస్త్రి అరుగుమీద కూలబడ్డాడు. "చేతులారా పగలగొట్టానమ్మా."

ఆ రాయిమీద పేరు, వలలు అల్లే ముసలమ్మ భర్తది. తప్పు సూపర్‌వైజరు మీదకి నెట్టి చేతులు దులుపుకోవచ్చు. మేస్త్రికి అది చేతకాలేదు. తిన్నగా ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"అక్కా, బావ రాయి విరగ్గొట్టాను. బాగానే ఉందని నా చెయ్యి చెబుతూనే ఉంది. వినలేదు."

ఆమె చేతిలో దారం ఆగిపోయింది. వల పక్కన పెట్టి అడిగింది. "పేరు చీలిందా?"

"లేదక్కా. పేరుకి కిందుగా చీలింది. కొత్త రాయి నేనే చెక్కి పెడతాను."

"కొత్త రాయి నాకెందుకురా? వల చిరిగితే ముడేసుకుంటాం గానీ సముద్రంలో పారేస్తామా? పాతదే అతుకు."

రెండు ముక్కలకూ రంధ్రాలు తొలిచి, ఇత్తడి కడ్డీలు దించి, నాలుగు రోజులు అతుకుపని చేశాడు మేస్త్రి. సంగతి తెలిసిన సూపర్‌వైజరు నిలబెట్టే రోజున వచ్చి, రాయికి రెండో వైపు భుజం ఆనించాడు.

సాయంత్రం ముసలమ్మ వచ్చింది. పేరులో ఒక్కో అక్షరం వేలితో తడిమింది. చీలిక దగ్గర వేలు కాసేపు ఆగింది. మేస్త్రి పక్కకు తిరిగి, సర్దిన పనిముట్లనే మళ్లీ సర్దుతూ ఉండిపోయాడు.