సీతాఫలం గింజలు, అత్త ఎడమ కన్ను

మా అత్త పోయిందని పుంగనూరు నుంచి మా మరిది ఫోన్ చేశాడు. మదనపల్లెలో బస్సెక్కేదాకా ఏడుపు రాలేదు, ఒట్టి భయమే. పెళ్లయినప్పటినుంచీ నా భయాలన్నీ అత్తకే అప్పజెప్పి బతికాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

తొంభైల్లో, నేను కాపురానికొచ్చిన కొత్తలో, కుప్పం సంతలో ఒక సీమావును, జెర్సీదాన్ని కొన్నారు. దాని చెవుల్లో, పొదుగు మీద పిడుదులు పట్టాయి. అవి రక్తం తాగి బఠాణీల్లా ఉబ్బుతాయి. వాటి జ్వరం తగిలితే ఆవు ఎర్రగా ఉచ్చ పోసి కూలబడుతుంది. పక్కింటివాళ్లు పిడుదులు చావాలని వాళ్ల ఆవుకు డబ్బా మందు మోతాదు మించి కొట్టారు. తల్లిని నాకిన దూడ నురగ కక్కి చచ్చింది. అది చూశాక ఆ డబ్బా కనబడితేనే ఆమడ దూరం పోయేదాన్ని.

అత్త సీతాఫలం గింజలు దంచి, వేపనూనెలో కలిపి పూసేది. చెట్టు మందే కదా అని నేను దగ్గరికి పోతే కసిరేది.

"ఎనక్కి పో మే! పిడుదును సంపేది నీ కంటిని ముద్దు పెట్టుకుంటాదా?"

పిల్లలను వీధిలోకి తరిమేది, దూడను దూరంగా కట్టేసేది. ఇంత జాగ్రత్త మనిషి, ఆవు తోక మాత్రం కట్టనిచ్చేది కాదు. "ఈగలు తోలుకోను దానికి ఇంగేముండాది?" అనేది.

ఒక వానాకాలం పొద్దున, మందులో తడిసిన ఆ తోకే ఆమె మొహాన ఫెళ్లున తగిలింది. అత్త ఎడమ కన్ను పట్టుకుని కూలబడింది. నేను చెంబుతో పరుగెత్తాను. సగం నీళ్లు దారిలోనే ఒలికాయి.

"అత్తా, నేను కనబడతాండానా?"

"ముందు దూడని పట్టు! తాడు తెంచుకునింది, తల్లిని నాకుతాది!"

దూడ తాడును కాలికింద తొక్కిపట్టి ఆమె కంట్లో నీళ్లు పోశాను. గుడ్డిదైపోతుందేమోనని చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.

మదనపల్లె డాక్టరు కట్టు విప్పేదాకా నాకు ముద్ద దిగలేదు. కన్ను దక్కింది గానీ మసక మిగిలింది. అత్త ఆ మందు మానలేదు. తోక కట్టడం మాత్రం నేర్చుకుంది. కట్టే ముందు ఆవు వీపు నిమిరి, "కొంచేపు ఓర్సుకోమ్మా" అనేది.

నిన్న ఆమెను పడుకోబెట్టినప్పుడు ఎడమ కన్ను కొంచెం తెరుచుకునే ఉంది. మూయమని నాతో అన్నారు. చెయ్యి చాచి ఆగిపోయాను. నా చెయ్యి తగిలి ఆమె కంటికి మంట పుడుతుందేమోనని భయం. లేచి వెళ్లి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కొచ్చాకే ఆ రెప్పను తాకాను.